ఎస్తేరు టీచర్ ఎంటర్ నొక్కిన రోజు

కరెంటు పోయిందంటే నాకు భయం. చీకటికి కాదు. కరెంటు పోగానే పక్క గదిలోనో పక్కింట్లోనో యూపీఎస్ కూయడం మొదలుపెడుతుంది చూడండి, ఆగి ఆగి, ఒకే గొంతుతో. ఆ కూతకి. బ్యాంకులో వరసలో నిలబడి ఉన్నా సరే, అది చెవిన పడగానే నా కుడి తుంటి దగ్గర వేడి తగులుతుంది. నిజంగానే తగులుతుంది. చెయ్యి పెట్టి చూసుకుంటాను. ఏమీ ఉండదు. నా భార్య ఇది గమనించి నడుం నొప్పి అనుకుంది. ఔనన్నాను.

అది నొప్పి కాదు. ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్న బరువు. ఒక పల్లెటూరి బడి టీచరు మీదికి నా తప్పు తోసేసి నా ఉద్యోగం కాపాడుకున్నాను. తోసేశాక వెనక్కి తీసుకునే అవకాశాలు చాలా వచ్చాయి. తీసుకోలేదు. మీరెవరో నాకు తెలీదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఈ మాట మొదలుపెట్టబోయి, మంచినీళ్లు అడిగి తాగి, ఇంకేదో మాట్లాడి లేచి వచ్చిన సందర్భాలున్నాయి.

మాది శ్రీకాకుళం వైపు. డిగ్రీ అయిన ప్రతివాడూ హైదరాబాదు బండెక్కుతున్న రోజుల్లో నేనూ ఎక్కాను. సీతాఫల్‌మండిలో దూరపు చుట్టాల ఇంట్లో మేడమీద గది. ఊళ్లో మా నాన్న మావాడు సాఫ్ట్‌వేరులో ఉన్నాడని చెప్పుకునేవాడు. నేనున్నది సికింద్రాబాదు రెజిమెంటల్ బజార్‌లో, ఇనుప సామాన్ల కొట్టు పైన, ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో. కింద ఇనుప చువ్వలు దించుతుంటే పైన మా కిటికీ అద్దాలు వణికేవి. ఆ వణుకు మధ్య పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. అదే నా సాఫ్ట్‌వేరు.

మా యజమాని రాజారావు గారు. అంతకుముందు ఆయన అవే గదుల్లో టైపు నేర్పించేవారు. రోజులు మారుతున్నాయని టైపు మిషన్లు అమ్మేసి, అప్పు తెచ్చి కంప్యూటర్లు కొన్నారు. ఆయనకు వాటిని వెయ్యడం, ఆర్పడం తప్ప ఏమీ తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పనంతా దీని మీదే నిలబడింది.

ఆ ఏడాది పల్లెటూరి బడుల టీచర్లకు కంప్యూటర్ నేర్పించాలని ప్రభుత్వం అనుకుంది. మెదక్ వైపు ఊళ్ల నుంచి ఒక జట్టు మా కేంద్రానికి వచ్చింది. రాజారావు గారు గది గుమ్మం పక్కన బోర్డు రాయించారు. చెప్పులు బయట విడవవలెను. చేతులు కడుగుకొని రావలెను. చెప్పనిదే ఏదియు ముట్టరాదు. ఏసీ గది, కింద తివాచీ, గుమ్మానికి మందపాటి తెర. టీచర్లు చెప్పులు విడిచి, తెర తప్పించి, గుసగుసగా మాట్లాడుకుంటూ లోపలికొచ్చేవారు. తమ బడిలో పిల్లల్ని గడగడలాడించేవాళ్లు మౌసు మీద చెయ్యి వెయ్యమంటే పెనం మీద వెయ్యమన్నట్టు వెనక్కి లాక్కునేవారు. కంప్యూటర్ కంటే ముందు మేం వాళ్లకు నేర్పింది భయమే. అప్పుడు నాకది తట్టలేదు. పైగా బావుండేది కూడా. నాకంటే రెట్టింపు వయసున్నవాళ్లు నా ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏదో గొప్పవాణ్ణనిపించేది.

ఆ జట్టులో భయపడని మనిషి ఒక్కతే. ఎస్తేరు టీచర్.

నలభై దాటిన మనిషి. నేత చీర, చేతికి మగవాళ్ల గడియారం. కుర్చీలో కూర్చోగానే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేది. కళ్లు తెరిచాక ఇక ఆమెకు అడ్డుండేది కాదు. తెర మీద కనిపించిన ప్రతి బొమ్మ మీదా వేలు పెట్టి అడిగేది. "ఇది నొక్కితే ఏమైతది సార్?" నేను చెప్పేలోపే నొక్కేది. ఏదో ఒకటి తెరుచుకునేది. "ఆఁ, గిదా!" అని నవ్వేది. మొదటి రోజు నేను మౌసు చూపిస్తుంటే జట్టులో లింగయ్య సారు అని ఒకాయన, "మా దిక్కు ఎలుకలు ఒడ్లు తింటయి. నీ ఎలుక ఏం తింటది సార్?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. "మన బుర్ర తింటది లింగన్నా. నీకు ఫికర్ లేదు తియ్యి, దానికి ఉపాసమే" అంది ఎస్తేరు టీచర్. ఆ రోజు నుంచి నేను వాళ్లకు మౌసు సారునైపోయాను.

ఆమెను చూసి మిగతావాళ్లు కొంచెం కొంచెంగా చేతులు ఒళ్లోంచి తీశారు. ఇది నేను చెప్పి తీరాలి. వాళ్లకు ధైర్యం నేర్పింది నేను కాదు, ఆమె.

శిక్షణ చివరికొస్తుండగా నాకు మాదాపూర్‌లోని ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మధ్యాహ్నం రమ్మన్నారు. మంచి చొక్కా ఒకటే ఉంది, లేత నీలం. పొద్దున్న బస్సులో నలిగిపోతుందని సంచిలో మడిచి పెట్టుకున్నాను. ఇంటావిడ ఇస్త్రీ పెట్టె కూడా అడిగి తెచ్చుకున్నాను. భోజనం వేళ చొక్కా రుద్దుకుని, రాజారావు గారికి కడుపు నొప్పని చెప్పి వెళ్లాలని నా ఎత్తు.

భోజనానికి ముందు కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. కంప్యూటర్లు మాత్రం యూపీఎస్ మీద నడుస్తున్నాయి. పక్కనున్న చిన్న గదిలో యూపీఎస్, దాని పక్కన సర్వర్. టీచర్లు చేసిన పనంతా, మా కేంద్రం లెక్కాపత్రాలన్నీ ఆ సర్వర్‌లోనే. గోడకి ఎర్రరంగు వేసిన ప్లగ్గు ఒకటి ఉండేది. అది యూపీఎస్‌ది. దానికి కంప్యూటర్ తప్ప మరేదీ పెట్టకూడదు. ఆ మాట పిల్లలకు చెప్పేది నేనే. రంగు వేసిందీ నేనే.

గడియారం చూసుకున్నాను. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. నలిగిన చొక్కాతో మాదాపూర్ వెళ్తే? అద్దాల మేడల్లోకి వెళ్తే? ఒక్క నిమిషం, కాలరు మీద, చేతుల మీద రుద్దితే చాలు. ఏమవుతుంది?

టీచర్లకు ప్రశ్నపత్రం తయారు చేసే పని ఇచ్చి ఉన్నాను. ఎస్తేరు టీచర్ అందరికంటే ముందు ముగించింది. దాచమంటారా అని తెర మీద పెట్టె వచ్చింది.

"ఎంటర్ నొక్కితే ఏమైతది సార్?"

"మీరు రాసింది సర్వర్‌లోకి పోతుంది. ఒకసారి సరిచూసుకుని నొక్కండి టీచర్. ఇప్పుడే వస్తా" అన్నాను. సంచి తీసుకుని చిన్నగదిలోకి వెళ్లాను.

ఇస్త్రీ పెట్టె ఎర్ర ప్లగ్గుకి పెట్టాను. చొక్కా కుర్చీ మీద పరిచాను. యూపీఎస్ కూస్తూనే ఉంది. కరెంటు పోతే ఎప్పుడూ కూసేదే కదా అనుకున్నాను. కూత మారింది. ఆగి ఆగి వచ్చేది ఆగకుండా రావడం మొదలుపెట్టింది. నాకది వినపడింది. వినపడలేదని ఇన్నాళ్లూ అనుకోవాలని చూశాను కానీ, వినపడింది. ఇంకొక్క చెయ్యి, అయిపోతుంది అనుకున్నాను. టప్పుమని చప్పుడు. కూత ఆగిపోయింది. సర్వర్ మీది పచ్చదీపం ఆరిపోయింది. ఆ నిశ్శబ్దం లాంటిది నేను మళ్లీ వినలేదు.

పక్క గదిలోంచి ఎవరిదో అరుపు. "ఏందీ టీచరమ్మా! ఏం నొక్కినవ్?"

నాకు అర్థమైంది. ఆమె ఎంటర్ నొక్కింది. అదే క్షణాన గదిలో తెరలన్నీ నల్లబడ్డాయి. ప్రపంచంలో ఎవరైనా ఏమనుకుంటారు?

ఇస్త్రీ పెట్టె లాగి, చొక్కాలో చుట్టి, సంచిలో కుక్కి భుజానికి తగిలించుకున్నాను. ఎందుకలా చేశాను? ఆలోచించి చెయ్యలేదు. చేతులు వాటంతటవే చేశాయి. చేతుల మీదికి నెట్టేస్తున్నానా ఇప్పుడు కూడా? నేనే చేశాను.

కరెంటు వచ్చింది. సర్వర్ మాత్రం రాలేదు. మళ్లీ మళ్లీ వేశాను. లోపల్నుంచి గీరుతున్న చప్పుడు, అంతే. మెట్ల మీద రాజారావు గారి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన ఆ రోజు చెప్పులు విడవకుండానే తివాచీ మీదికి వచ్చారు. నెల క్రితమే, ఒక కంప్యూటర్ తెర పగిలిందని నాతో పనిచేసే అబ్బాయిని ఉన్నపళంగా పనిలోంచి తీసేసిన మనిషి.

"ఆ టైములో మిషన్ మీద ఎవరున్నారు?" అన్నారు.

ఎస్తేరు టీచర్ లేచి నిలబడింది. బడిలో పిల్లలు లేచినట్టు.

"నేనే సార్. ఎంటర్ నొక్కిన. అన్నీ బంద్ అయినయి."

ఇంత సేపు. ఇంతే సేపు పట్టింది ఆమెకు ఒప్పుకోవడానికి. తన తప్పు కానిదాన్ని.

రాజారావు గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వెక్కడ చచ్చావు?"

సంచి నా కుడి తుంటికి ఆనుకుని ఉంది. ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగా ఉంది. లాగు గుడ్డలోంచి కాలుస్తోంది. కదిలితే అందరూ సంచి చూస్తారని కదల్లేదు.

"ఇక్కడే ఉన్నాను సార్" అన్నాను. అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. "ఆగండి టీచర్, నేను చూసి చెప్తానన్నాను. వినకుండా నొక్కేశారు."

ఆమె నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఏదో అడుగుతున్నట్టు ఉంది. నేను ఆమె నుదుటి మీదికి చూశాను, కళ్లలోకి కాదు.

"ఏదో కాలిన వాసనొస్తుంది సార్" అన్నాడు లింగయ్య సారు.

నా చొక్కా. సంచిలో నా లేత నీలం చొక్కా కాలుతోంది. ఇక దొరికిపోయాను అనుకున్నాను.

"మిషన్ కాలింది, ఇంకేం కాలుతుంది?" అన్నారు రాజారావు గారు. ఆమె దగ్గరికి వెళ్లారు. గొంతు పెంచలేదు. "మేడమ్ గారూ, మీ చేతులకు సుద్దముక్క చాలు. ఇవి మీ పనులు కావు. మాకు అన్నం పెట్టే మిషన్ అది."

"మాఫ్ చేయండ్రి సార్" అంది ఆమె.

నాకు తెలుసు. ఎంటర్ నొక్కితే సర్వర్ చావదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రాజారావు గారికి తెలీదు, టీచర్లకు తెలీదు, తన చేతుల వైపు చూసుకుంటూ నిలబడిన ఆమెకు తెలీదు. చదువు చెప్పమని వాళ్లు నా దగ్గరికొస్తే, వాళ్లకు తెలియనితనాన్ని వాడుకుని నేను దాక్కున్నాను. దొంగతనం ఇంతకంటే నయం కాదూ?

ఇంటర్వ్యూకి వెళ్లలేదు. తుంటి మీద కాలిన గాయానికి ఇంటావిడ పసుపు రాసింది. వేడి గిన్నె తగిలిందని చెప్పాను. చొక్కా మీద పడవ ఆకారంలో మచ్చ. రైలు కట్ట పక్కన చెత్తకుప్పలో పారేశాను. పారేశాక కూడా ఎవరైనా తీసి చూస్తారేమోనని రెండుసార్లు వెనక్కి వెళ్లి వచ్చాను.

మిగిలిన రోజులు ఎస్తేరు టీచర్ వచ్చింది. మానలేదు. ప్రార్థన చేసుకుని కళ్లు తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒక్క ప్రశ్న అడగలేదు. "ఎంటర్ టీచరొచ్చింది, మిషన్లు జర భద్రం" అని లింగయ్య సారు అంటే అందరూ నవ్వేవారు. చెడ్డవాడు కాదు, అలవాటు కొద్దీ అనేవాడు. ఆమె కూడా నవ్వేది. నేను కూడా నవ్వాను. చూశారా, అది కూడా చేశాను.

ఆ తర్వాత కొన్నేళ్లు నేను సికింద్రాబాదులో నేత చీర కట్టిన ఆడమనిషి వెనక నడవలేదు. స్టేషన్లో మెదక్ వైపు మాటతీరు వినిపిస్తే ప్లాట్‌ఫారం మారిపోయేవాణ్ణి. సాఫ్ట్‌వేరు నాకు అందలేదు. రాజారావు గారు పోయారు, ఆ కేంద్రం మూతపడింది, అక్కడ ఇప్పుడు ఇనుప కొట్టువాళ్ల గోదాముంది. నేను మాత్రం అదే పనిలో ఉండిపోయాను. ఇప్పటికీ టీచర్లకు శిక్షణ ఇస్తాను. ట్యాబులు, ఫోన్లు, తెరమీద పాఠాలు. పాతదంతా పూడిపోయిందనుకున్నాను. ఎవరికి గుర్తుంటుంది? ఆమెకి మాత్రం గుర్తుంటుందా?

మొన్న వానాకాలంలో బొల్లారం దగ్గర కొత్తగా చేరిన టీచర్లకు తరగతులు చెప్పాను. స్వప్న అని ఒక అమ్మాయి, చురుకైనది, అన్నీ తెలుసు. కానీ ట్యాబు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అందరూ ముట్టుకుంటుంటే తను వంగి చూస్తోంది తప్ప చెయ్యి ముందుకు తేవడం లేదు. ఎందుకమ్మా అని అడిగాను.

నవ్వింది. "చిన్నప్పటి అలవాటు సార్. మా బడిలో కంప్యూటర్లు ఉండె. మా ఎస్తేరు టీచర్ మమ్మల్ని లోపలికి తోల్కపోయి, చేతులు వెనకకు కట్టుకొమ్మని, చుట్టూ తిప్పి చూపిచ్చేది. అంతే. ముట్టనియ్యకపోయేది. గుడ్డ కుట్టి కప్పేది, తాళమేసేది. ఆమె ఎన్కట సికింద్రాబాదుల పెద్ద మిషన్ ఖరాబ్ చేసిందట సార్. మీరు సుత గట్ల చేయొద్దు బిడ్డా అనేది."

గదిలో అందరూ నవ్వారు. ఎక్కడా కరెంటు పోలేదు. కానీ నాకు ఆ కూత వినిపించింది.

ఎంతమంది పిల్లలు అలా చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి ఉంటారు? ఎన్నేళ్లు? ఇది నొక్కితే ఏమవుతుందని అడగాల్సిన పిల్లలు. అడగడమంటే ఏమిటో వాళ్లకు నేర్పగలిగిన ఒకే ఒక్క టీచర్ చేత వాళ్ల చేతులు కట్టించింది నేను. నేను ఒక మనిషికి అన్యాయం చేశాననుకున్నాను ఇన్నాళ్లూ. ఒక ఊరికి చేశాను. ఆ భయం పెరిగి పెద్దదై, ఉద్యోగం సంపాదించుకుని, నా తరగతిలోకే వచ్చి నిలబడింది.

స్వప్ననడిగి ఊరు పేరు తెలుసుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. వెళ్లడానికి మాత్రం నాకు చాలా ఆదివారాలు పట్టింది. రెండుసార్లు బస్టాండు దాకా వెళ్లి, టీ తాగి తిరిగొచ్చాను. నా భయం ఏమిటి? కొడుతుందనా? తిడుతుందనా? కాదు. నన్ను గుర్తుపట్టి సంతోషిస్తుందేమోనని.

అలాగే అయింది. తలుపు తీసి, నన్ను కిందికీ మీదికీ చూసి, "మౌసు సారువు కదా!" అంది. జుట్టు తెల్లబడింది. చేతికి అదే మగవాళ్ల గడియారం. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. ఆమె చింతపండు గింజ తీస్తోంది. చేట పక్కకు జరిపి కుర్చీ వేసింది. అలమర మీద ప్లాస్టిక్ కవరులో కొత్త ఫోను ఉంది. మేం మాట్లాడుతుండగా అది మోగింది. ఆమె లేవలేదు. దాన్నే చూస్తూ, మోగి మోగి ఆగేదాకా కూర్చుంది. "మా అక్క కొడుకు కొనిచ్చిండు. నాకెందుకు సార్ గవన్నీ. ముడితే ఏమైతదో ఏమో" అంది.

అప్పుడు చెప్పాను. మంచి మాటలతో మొదలుపెట్టలేదు. చొక్కా, ఇస్త్రీ పెట్టె, ఎర్ర ప్లగ్గు, అన్నీ చెప్పాను. మధ్యలో నాకు మాట తడబడింది. ఆమె సాయం చెయ్యలేదు. చింతగింజల మీద చెయ్యి పెట్టి విన్నది.

అంతా విన్నాక అంది. "నువ్వు నొక్కుమన్నవ్. గది నాకు యాదుంది సార్. ఆగుమన్ననని నువ్వు జూటా చెప్పినవ్, గది సుత యాదుంది. పోరనికి నౌకరీ పోతది, నాదైతే సర్కారు నౌకరీ అని ఊకున్న."

అబద్ధం ఆమెకు తెలుసు. తెలిసే నన్ను వదిలేసింది.

"కానీ ఇస్త్రీ పెట్టె సంగతి నాకెర్కలే" అంది. గొంతు మారింది. "నా చేతులతోనే ఖరాబైందనుకున్న. అయితే ఎంటర్ నొక్కుడు తప్పు కాదా?"

"కాదు టీచర్. అదే నొక్కాలి."

ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది. వేళ్లకు చింతపండు అంటుకుని ఉంది. చీర కొంగుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ వేళ్లు చూశాక నోరు రాలేదు. ఏడిస్తే నేనే ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉంటుందని ఏడవలేదు కూడా.

"మరి నా పిల్లలు సార్?" అంది. "ఎంతమందిని ముట్టనియ్యలే నేను. వాళ్లకేం చెప్తవ్?"

నేను కుర్చీలోంచి లేచాను.

ఆమె గుమ్మం దాకా వచ్చింది. నీళ్లు ఇచ్చింది, టీ ఇవ్వలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అంది. "నాకొక్కదానికి చెప్తే ఏం ఫాయిదా సార్? గా దినం అందరి ముంగట అయింది. చెప్తే అందరికి చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. నన్ను ఎంటర్ టీచర్ అన్నోళ్లు ఇంకా బతికే ఉన్నరు."

అందుకే ఇది రాస్తున్నాను. ఎస్తేరు టీచర్ పేరు అసలు పేరే, మార్చలేదు. లింగయ్య సారూ, రాజారావు గారూ మార్చిన పేర్లు. నా పేరు రాయలేదు. పైన చాలాసార్లు రాయబోయాను. పిల్లల చదువులు, ఇంకా మిగిలిన ఉద్యోగం, నన్ను సార్ అని పిలిచే కొత్త టీచర్లు, అన్నీ కళ్ల ముందు నిలబడ్డాయి. చెయ్యి ఆగిపోయింది. ఆమె ఒక్క క్షణంలో లేచి నిలబడి అన్న నేనే సార్ అనే మాట నాకు ఇంకా పూర్తిగా నోటికి రాలేదు. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు. నాకు చేతనైనంత, అంతే.

అయినా ఆ గదిలో కూర్చున్నవాళ్లు చదివితే గుర్తుపడతారు. గుర్తుపట్టాలనే రాశాను. గుర్తుపడతారని భయపడుతూనే రాశాను. మీలో ఎవరైనా చేతులు ఒళ్లో పెట్టుకుని ఇంటికి వెళ్లి, మీ బడిలో కంప్యూటర్‌కి గుడ్డ కుట్టి కప్పి ఉంటే, వినండి. ఆ రోజు సర్వర్ పాడైంది ఇస్త్రీ పెట్టె వల్ల. పెట్టింది నేను, మౌసు సారుని. ఎస్తేరు టీచర్ నేను నొక్కమన్న బటనే నొక్కింది. సరిగ్గానే నొక్కింది.